వీలునామాలో ఆటిజం పరిశోధనకు కొంత భాగం: ఏ మాటలతో రాస్తే నిలబడుతుంది?

విజయనగర్ టీచరమ్మ

అందరికీ నమస్కారం. నా వయసు 69. చీరాల నుంచి కాపురానికి బెంగళూరు వచ్చి 44 ఏళ్ళయింది. ఇక్కడి ఒక హైస్కూలులో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. మావారు కాలం చేసి ఆరేళ్ళు. మాకు సంతానం లేదు. మా ఇద్దరి జీతాలతో విజయనగర్‌లో కొని, మొదటి నుంచీ నా పేరునే ఉంచిన ఫ్లాటు, బ్యాంకులో కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు, నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చిన అరెకరం పొలం, ఇవే నా ఆస్తి.

మా అన్నయ్య కొడుకుకు 34 ఏళ్ళు. వాడిది ఆటిజం అని పదకొండో ఏట గానీ తేలలేదు. అంతవరకు ఒకరు చెవుడన్నారు, ఒకరు బుద్ధిమాంద్యమన్నారు, ఒక పెద్దమనిషైతే తల్లి ఉద్యోగానికి వెళ్ళడం వల్లనే ఇలా అయిందని మా వదిన ముఖం మీదే చెప్పారు. వాడికి మాటలు చాలా తక్కువ. నేను దిద్దడానికి ఇంటికి తెచ్చుకున్న జవాబు పత్రాల కట్టను రోల్ నంబర్ల వరసలో పేర్చిపెట్టేది మాత్రం వాడే, ఒక్క పత్రం కూడా వరస తప్పినట్టు నాకు గుర్తు లేదు.

నా తరువాత ఈ ఆస్తిలో కొంత వాడి పోషణకు, కొంత ఆటిజం మీద జరిగే పరిశోధనకు చెందాలని నా కోరిక. ఈ ఆలోచన ఇంగ్లండులో ఉంటున్న మా అన్నయ్య కూతురు వల్ల వచ్చింది. అక్కడ వీలునామా ద్వారా ధర్మసంస్థకు ఇచ్చే భాగం మీద వారసత్వపు పన్ను ఉండదట, నికర ఆస్తిలో పదో వంతు గానీ అంతకు మించి గానీ అలా రాస్తే, పన్ను పడే మిగతా భాగం మీద కూడా 40 శాతానికి బదులు 36 శాతమే వేస్తారట. ఆటిస్టికా అనే పరిశోధన సంస్థను 2004లో స్థాపించిన డేమ్ స్టెఫనీ షెర్లీ, ఆటిజం ఉన్న తన ఒక్కగానొక్క కొడుకును 35వ ఏట పోగొట్టుకున్న తల్లి అని కూడా తనే చెప్పింది.

మన దగ్గర ఇది ఎలా చేయాలి? ఎవరి పేరున, ఎంత, ఏ మాటలతో రాయాలి? చుట్టాలలో ఇద్దరు, అదేదో గుడికిస్తే పుణ్యమైనా దక్కేది కదా అన్నారు. వారికి ఏం చెప్పాలో నాకు తెలుసు కనుక ఆ సలహా మాత్రం ఇక్కడ అడగడం లేదు.

మాజీ క్యాషియరు

టీచరమ్మ గారికి నమస్కారం. నేను బ్యాంకులో 36 ఏళ్ళు పనిచేశాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

మొదటిది నామినీ సంగతి. డిపాజిట్‌కు నామినీగా ఎవరి పేరు ఉంటే డబ్బు వారిదేనని చాలామంది నమ్ముతారు. బ్యాంకు తన బాధ్యత తీర్చుకోవడానికి నామినీ చేతికి సొమ్ము ఇస్తుందే తప్ప, ఆ సొమ్ముకు హక్కుదారు ఎవరో తేల్చేది వీలునామా, అది లేకపోతే వారసత్వ చట్టం. జీవిత బీమా విషయంలో సుప్రీంకోర్టు 1980లలోనే ఈ మాట చెప్పింది, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో మళ్ళీ చెప్పింది. 2025 నవంబరు నుంచి డిపాజిట్‌కు నలుగురు నామినీలను పెట్టుకునే వీలు వచ్చింది గాని, వీలునామాలో ఒకరి పేరు, నామినీగా మరొకరి పేరు ఉంటే తగవు తప్పదు. వీలునామాను అమలు చేసే కార్యనిర్వాహకులుగా మీరు ఎవరిని నియమిస్తారో వారినే నామినీగా కూడా పెడితే పని తేలికవుతుంది.

రెండవది, నా కళ్ళ ముందు జరిగినది. మా శాఖలో ఒక పెద్దాయన ఫలానా నంబరు గల ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను ఒక అనాథాశ్రమానికి రాశారు. రెండేళ్ళ తరువాత ఎక్కువ వడ్డీ వస్తుందని ఆ డిపాజిట్ మూసి, సొమ్మంతా వేరే చోట వేశారు. వీలునామా మార్చడం మరిచిపోయారు. ఆయన పోయాక ఆ నంబరు గల డిపాజిట్ లేదు, ఆశ్రమానికి రూపాయి చేరలేదు, పిల్లలు అడ్డుపడ్డారని చెప్పడానికి కూడా లేదు.

పైగా విరాళానికి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా వస్తుంది కనుక రశీదు తప్పక తీసుకునేలా చూడండి.

బసవనగుడి ప్లీడరు

క్యాషియరు గారు చెప్పిన రెండు మాటలూ నిక్కచ్చిగా ఉన్నాయి గాని చివరిది సరికాదు. విరాళాల మీద ఆ మినహాయింపు బతికుండగా ఇచ్చే దాతకు వర్తించేదే తప్ప, మరణించిన తరువాత వీలునామా ద్వారా వెళ్ళే సొమ్ముకు వర్తించదు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది కాబట్టి, ఇంగ్లండులో లాగా పన్ను తగ్గుతుందని ధర్మానికి రాయవలసిన అవసరం ఇక్కడ లేదు. పన్ను లాభం ఏమీ లేకుండా రాసేవారే ఇక్కడ నిజంగా రాసేవారని నేను నా కక్షిదారులతో అంటుంటాను.

అమ్మా, మీ విషయంలో వీలునామా రాయడం ఇష్టాయిష్టాల సంగతి కాదు, అత్యవసరం. హిందూ వారసత్వ చట్టం, 1956లోని 15వ సెక్షన్ ప్రకారం సంతానం లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా మరణిస్తే, భర్త కూడా లేనప్పుడు, ఆమె ఆస్తి ముందుగా భర్త వారసులకు వెళుతుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రమే తండ్రి వారసులకు తిరిగి వస్తుంది. అంటే మీరు ఏమీ రాయకపోతే అరెకరం మీ అన్నయ్య గారి వైపు పోతుంది, మీ జీతం కూడా పోసి కొన్న ఫ్లాటు, డిపాజిట్లు మీ అత్తవారి వైపు పోతాయి. మీ మేనల్లుడి పేరు గాని, పరిశోధన అన్న మాట గాని ఆ లెక్కలో ఎక్కడా రావు.

ఇక వీలునామా విషయం. భారత వారసత్వ చట్టం, 1925లోని 63వ సెక్షన్ కోరేవి కొద్ది. మీరు సంతకం చేయాలి, దాన్ని చూసిన ఇద్దరు సాక్షులు, లేదా ఆ సంతకం మీదేనని మీ నోట విన్న ఇద్దరు సాక్షులు, మీ ఎదుట సంతకం చేయాలి. స్టాంపు కాగితం అక్కర లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించమనే నా సలహా, ఎందుకంటే ధర్మానికి రాసిన వీలునామాలను, ఆవిడకు ఆ వయసులో మతి సరిగ్గా లేదు అంటూ సవాలు చేయడం మామూలు. సాక్షులు మీకంటే చిన్నవారై, ఇదే ఊళ్ళో ఉండేవారై, మీ వీలునామా వల్ల ఒక్క రూపాయి కూడా పొందనివారై ఉండాలి. లబ్ధి పొందే సాక్షికి ఇచ్చినది చెల్లదన్న 67వ సెక్షన్ హిందువుల వీలునామాలకు వర్తించదు గాని, అలాంటి సాక్షిని బోనులో నిలబెడితే ఎదుటి వకీలు ఏం చేస్తాడో నేను చూశాను, నేనూ చేశాను.

ఫ్లాటును ఫ్లాటుగా ఏ సంస్థకూ రాయకండి. అద్దెదారు, అపార్టుమెంటు సంఘం బకాయిలు, పురపాలక ఆస్తి ఖాతాలో పేరు మార్పిడి, ఇవన్నీ ఒక పరిశోధన సంస్థ కార్యాలయం నెత్తిన పెట్టడం కంటే, కార్యనిర్వాహకుడు అమ్మి సొమ్ము అందజేయాలని రాయడం మేలు. ఇంత సొమ్ము అని గాని, ఫలానా డిపాజిట్ అని గాని రాయకుండా, మిగిలిన ఆస్తిలో ఇన్నో వంతు అని రాస్తే, డిపాజిట్లు మారినా, ధరలు పెరిగినా తరిగినా, ఆ వంతు చెడదు. మీరు లెక్కల టీచరు కనుక ఇది మీకు నేను విడమరచి చెప్పనక్కర లేదు.

మేనల్లుడి పేరున నేరుగా రాయవద్దు. అతని లావాదేవీలు ఎవరు చూస్తారో తేలకుండా డబ్బు అతని ఖాతాలో పడితే అది అక్కడే ఇరుక్కుపోతుంది. నేషనల్ ట్రస్టు చట్టం, 1999 ఆటిజం ఉన్నవారికి పద్దెనిమిదేళ్ళు నిండాక కూడా సంరక్షకుడిని నియమించే అధికారాన్ని జిల్లా కలెక్టరు ఉండే స్థానిక కమిటీకి ఇచ్చింది. మీ అన్నయ్య గారు ఆ పని ఇంకా చేసి ఉండకపోతే ముందు అది కావాలి. మీ వైపు నుంచి వీలునామాలోనే ఒక ప్రైవేటు ట్రస్టును ఏర్పరచి, అతని జీవితకాలం పోషణకు వాడాలని రాయండి.

చిన్నోడి అమ్మ

టీచరమ్మ గారూ, మీ ఆలోచనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మా బాబుకు తొమ్మిదేళ్ళు, వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. స్పీచ్ థెరపీకి ఒక్కో సెషనుకు 900 రూపాయలు ఇస్తున్నాం, వారానికి మూడు. వాడికి మాట్లాడటం నేర్పే మనిషి తెలుగులో మాట్లాడదు, ఇంట్లో అమ్మమ్మ ఇంగ్లీషులో మాట్లాడదు. బడిలో చేర్చుకోవడానికి నాలుగు చోట్ల కాదన్నారు. ఇలాంటి స్థితిలో పరిశోధన అనే మాట వింటే నాకు కొంచెం కోపం వస్తుంది, దాచుకోను. ఏదో ఎలుకలో ఏదో జన్యువు దొరికిందని పత్రికలో చదివి నేను ఏం చేసుకోను? అదే సొమ్ము ఒక మంచి కేంద్రానికి ఇస్తే పదిమంది పిల్లలకు రేపే ఉపయోగం కదా?

పిపెట్టు

నేను బెంగళూరులోనే ఒక ప్రయోగశాలలో నాడీశాస్త్రం మీద పనిచేస్తున్నాను, నా సొంత ఊరు నంద్యాల. చిన్నోడి అమ్మ గారి కోపం న్యాయమైనదే. కాకపోతే ఆవిడ చెప్పిన ఇబ్బందులలో కనీసం రెండింటికి జవాబు పరిశోధన నుంచే రావాలి.

థెరపిస్టు తెలుగులో మాట్లాడకపోవడం వెనుక, ఆటిజాన్ని కొలిచే సాధనాలలో చాలా భాగం ఇంగ్లీషులో, వేరే సమాజపు పిల్లలను చూసి తయారైనవి కావడం కూడా ఉంది. వాటిని అనువదిస్తే సరిపోదు, మన పిల్లల మీద పరీక్షించి సరిచూడాలి. దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ళ పిల్లలను పరీక్షించి 2018లో ప్రచురించిన ఇన్‌క్లెన్ అధ్యయనంలో హైదరాబాదు ఒక కేంద్రం. మన దేశంలో నూటికి ఒకరికి అటూ ఇటూగా ఆటిజం ఉందని మనం ఈ రోజు ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఇంటింటికీ తిరిగి చేసిన ఇలాంటి పని వల్లనే. రెండవ ఉదాహరణ గోవాలో, పాకిస్తాన్ నగరం రావల్పిండిలో కలిసి చేసి 2016లో ప్రచురించిన ప్రయోగం. మాంచెస్టరులో నిపుణులు చేయించే ఒక పద్ధతిని తీసుకుని, ప్రత్యేక చదువు లేని ఆరోగ్య కార్యకర్తలు, తల్లి బిడ్డతో ఆడుకునే వీడియో తీసి, దాన్ని ఆమెకే చూపిస్తూ నేర్పితే ఫలితం ఉంటుందా అని చూశారు. తల్లి స్పందించే తీరు, బిడ్డ తనంతట తాను పలకరించే తీరు, రెండూ మెరుగుపడ్డాయి. 900 రూపాయల సెషను అందని ఇంటికి వెళ్ళగలిగే పద్ధతి ఇది, పుట్టింది పరిశోధన డబ్బుతోనే.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి, లేకపోతే మా ల్యాబులో నన్ను రానివ్వరు. జక్కూరులోని జె.ఎన్.సి.ఎ.ఎస్.ఆర్. అనే పరిశోధన సంస్థలో ఆటిజంతో ముడిపడిన సిన్‌గ్యాప్1 అనే జన్యువు మీద పని జరుగుతోంది. ఇన్‌స్టెమ్‌ అనే మరో బెంగళూరు పరిశోధన సంస్థలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంతో కలిసి ఏర్పరచిన కేంద్రం ఆటిజం లక్షణాలు కనిపించే ఫ్రాజైల్ ఎక్స్ వంటి జన్యు స్థితులను అధ్యయనం చేస్తుంది. ఇవి రేపటికి పనికిరావు. ఇరవై ఏళ్ళకైనా పనికొస్తాయా అని అడిగితే, మాలో నిజాయితీ గలవారు ఏమో అంటారు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఇక్కడ సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో మెదడు వార్ధక్యం మీద పరిశోధనకు ఒక దాత ట్రస్టు 225 కోట్లు ప్రకటించింది, అది వేరే లోకం. ఒక ఫ్లాటులో నాలుగో వంతు ఏం చేయగలదు? 2023 నుంచి జూనియర్ రిసెర్చ్ ఫెలోకు నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ళ తరువాత సీనియర్ ఫెలోగా 42,000. ఇంటి అద్దె భత్యం కాక మూడేళ్ళకు 13 లక్షల 92 వేలు. తెలుగు, కన్నడ ఇళ్ళలో తిరిగి ఒక సాధనాన్ని సరిచూసే పనికి ఒక మనిషిని నిలబెట్టడానికి ఇది చాలు. అదే 15 లక్షలను శాశ్వత నిధిగా బ్యాంకులో ఉంచి వడ్డీ మాత్రమే వాడాలని రాస్తే, 6 శాతం చొప్పున ఏడాదికి 90,000 వస్తుంది. దానితో ఒక సదస్సు జరిపి, బ్యానరు మీద మీ పేరు వేసి, భోజనాలు పెడతారు. శాశ్వతం అనే మాటకు మనవాళ్ళకు మోజెక్కువ. చిన్న మొత్తాన్ని అయిదేళ్ళలోపు పూర్తిగా ఖర్చు చేయాలని రాయమని నా విన్నపం.

ఆశావాది

చెన్నైలో, మరికొన్ని ఊళ్ళలో స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్సతో ఆటిజం తగ్గిస్తున్నారని విన్నాను. ఆ క్లినిక్కులు పరిశోధన కూడా చేస్తున్నామంటున్నాయి. వాటికి రాస్తే సూటిగా రోగులకే చేరుతుంది కదా?

పిపెట్టు

దయచేసి అలా చేయవద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) 2017 మార్గదర్శకాల ప్రకారం, అనుమతించిన కొన్ని రక్త సంబంధ వ్యాధులకు తప్ప, స్టెమ్ సెల్స్‌ను నియంత్రిత ప్రయోగాలకు వెలుపల చికిత్సగా ఇవ్వకూడదు. ఆటిజానికి వీటిని సిఫారసు చేయలేమని నేషనల్ మెడికల్ కమిషన్ నైతిక విభాగం 2022 డిసెంబరులో స్పష్టంగా చెప్పింది. ఒక చిన్న పరీక్ష గుర్తుపెట్టుకోండి: ప్రయోగంలో పాల్గొన్నందుకు రోగి దగ్గర లక్షలు వసూలు చేసే చోట జరిగేది పరిశోధన కాదు, వ్యాపారం. టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న 1998 నాటి తప్పుడు వ్యాసాన్ని, దాన్ని అచ్చువేసిన లాన్సెట్ పత్రిక ఉపసంహరించుకోవడానికి 2010 దాకా పట్టింది, ఆ పన్నెండేళ్ళ నష్టం ఇంకా తీరలేదు. అందుకే వీలునామాలో పరిశోధన అని ఊరికే రాయకుండా, నైతిక కమిటీ ఆమోదం పొందిన పరిశోధన అని రాయండి.

నిశ్శబ్దం

నా వయసు 29. నాకు ఆటిజం ఉందని 24వ ఏట తెలిసింది. సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. ఈ చర్చలో ఇంతవరకు పిల్లలు, తల్లులు, ఎలుకలు, ఫ్లాటు వచ్చారు. పెద్దవారైన మేము రాలేదు. టీచరమ్మ గారి మేనల్లుడు 34 ఏళ్ళవాడు, అతనికి పనికొచ్చే పరిశోధన ఏది అని ఎవరూ అడగలేదు.

2016లో బ్రిటన్‌లో ఆటిజం ఉన్నవారిని, వారి కుటుంబాలను, వైద్య నిపుణులను కలిపి కూర్చోబెట్టి, పరిశోధన దేని మీద జరగాలో చెప్పమని అడిగితే, మొదటి స్థానంలో నిలిచినది కారణం కాదు, నివారణ కాదు. మా మానసిక ఆరోగ్యం ఎలా మెరుగుపడుతుంది అన్నది. నా సొంత అనుభవంలో కూడా ఆటిజం కంటే ఆందోళన నన్ను ఎక్కువ రోజులు మంచాన పడేసింది. ఆటిజాన్ని నిర్మూలించడానికి అని ఎవరైనా వీలునామాలో రాస్తే, నాలాంటివాళ్ళు పుట్టకుండా చూడటానికి అని నాకు వినిపిస్తుంది.

ఒక మాట చేర్చాలి. నేను మాట్లాడగలను, రాయగలను. ఆ మేనల్లుడి తరఫున మాట్లాడే హక్కు నాకు కూడా లేదు.

చిన్నోడి అమ్మ

బాబూ, నీ మాట అర్థమైంది. మా వాడు రాత్రి మూడింటికి లేచి చెయ్యి కొరుక్కుంటాడు, ఏడాదిగా మూర్ఛ కూడా వస్తోంది. ఆ రెండూ పోవాలని కోరుకుంటున్నాను, వాడు పోవాలని కాదు. నిద్ర, మూర్ఛ, ఆందోళన అని పేరు పెట్టి రాస్తే మనిద్దరికీ సమ్మతమే అనుకుంటాను. పిపెట్టు గారు చెప్పిన వీడియో పద్ధతి బెంగళూరులో తెలుగులో ఎవరైనా చేస్తే నాకు చెప్పండి, నా కోపం కొంత తగ్గించుకుంటాను.

చెన్నపట్నం పాతకాపు

వీలునామాలో ధర్మం అనగానే మా ఊరి పచ్చయప్ప మొదలియారు గుర్తుకు వస్తాడు. కంపెనీ కాలపు దుబాసీ, 1794లో పోతూ తన ఆస్తిని దేవాలయ ధర్మాలకు రాశాడు. అమలు చేయవలసినవారి చేతుల్లో, వ్యాజ్యాలలో ఆ సొమ్ము దశాబ్దాలపాటు నలిగింది. చివరికి జార్జ్ నార్టన్ అనే అడ్వొకేట్ జనరల్ పట్టుబట్టి అప్పటి మద్రాసు సుప్రీంకోర్టు ద్వారా దాన్ని రాబట్టాక, ధర్మాలకు పోగా మిగిలిన దాన్ని చదువుకు మళ్ళించారు. ఆ డబ్బుతో 1842లో మొదలైన బడే నేటి పచ్చయప్ప కళాశాల. ఫలితం మంచిదే, కానీ అది ఆయన రాసినది కాదు, పట్టినది 48 ఏళ్ళు. కనుక అమ్మా, సంస్థ పేరు కంటే ముందు కార్యనిర్వాహకుడి పేరు గురించి ఆలోచించండి. మీకన్నా పదిహేనేళ్ళయినా చిన్నవాడు, లెక్క చెప్పగలవాడు, అతడు కాదంటే ఇంకొకడు.

మీ ఊళ్ళో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. జంషెట్జీ టాటా విజ్ఞాన సంస్థకు ఆస్తి ఇస్తానని మాట ఇచ్చి 1904లో పోయాడు. కొడుకులు ఆ మాట నిలబెట్టారు, మైసూరు సంస్థానం 371 ఎకరాలు ఇచ్చింది, 1909లో సంస్థ ఏర్పడింది. ఈ రోజుకీ మీ బస్సు కండక్టరు దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలుస్తాడు.

చెన్నైలో ఆస్తి ఉన్నవారికి ఒక మాట. నగర పరిధిలోని ఆస్తి గురించిన వీలునామాకు హైకోర్టులో ప్రొబేట్, అంటే వీలునామా నిజమైనదేనన్న కోర్టు ధ్రువీకరణ, తప్పనిసరి అన్న భారత వారసత్వ చట్టంలోని 213వ సెక్షన్‌ను 2025 చివరిలో తొలగించారు. బెంగళూరులో హిందువుల వీలునామాలకు ఆ బెడద మొదటి నుంచీ లేదు.

డల్లాస్ అల్లుడు

నాది అమెరికా పౌరసత్వం. టీచరమ్మ గారి స్ఫూర్తితో నేను కూడా నా వీలునామాలో భారతదేశంలోని ఒక ఆటిజం సంస్థకు రాయవచ్చా?

బసవనగుడి ప్లీడరు

రాయవచ్చు గాని, మీరు విదేశీ పౌరులు కనుక ఆ సొమ్ము విదేశీ విరాళం అవుతుంది. విదేశీ విరాళాల చట్టం, 2010 కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతా ద్వారానే దాన్ని స్వీకరించగలదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి ఇస్తే ఈ చిక్కు లేదు. మరొక సభ్యుడు నాకు విడిగా రాసి, క్రైస్తవులు మరణానికి ఏడాది ముందే ధర్మానికి రాసి ఉండాలా అని అడిగారు. భారత వారసత్వ చట్టంలోని ఆ 118వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2003లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది.

విజయనగర్ టీచరమ్మ

మూడు రోజులుగా మీరందరూ రాసినది అచ్చు వేసుకుని, ఎర్ర సిరాతో గీతలు పెట్టుకుని చదివాను. అలవాటు పోదు. మొదట 60, 40 వంతులు అనుకున్నాను. తరువాత ఒక సంగతి తట్టింది. వాడి పోషణ, పరిశోధన ఒకే రోజున పంచుకోవలసిన పని లేదు, ఒకదాని తరువాత ఒకటి రావచ్చు. ఈ విధంగా రాశాను, ప్లీడరు గారు దిద్దాలి.

"నేను స్వస్థచిత్తంతో, ఒకరి ప్రేరేపణ లేకుండా రాస్తున్న వీలునామా. నా అప్పులు, అంత్యక్రియల ఖర్చులు, ఈ వీలునామా అమలు ఖర్చులు పోగా మిగిలిన యావదాస్తిని నా కార్యనిర్వాహకులు విక్రయించి, వచ్చిన సొమ్ములో అయిదింట నాలుగు వంతులను నా మేనల్లుడి జీవితకాల పోషణ, వైద్యం, నివాసం కోసం ఈ వీలునామా ద్వారా ఏర్పడే ట్రస్టుకు అప్పగించాలి. మిగిలిన అయిదో వంతును, ఆటిజం ఉన్న పిల్లల, పెద్దల నిద్ర, మూర్ఛ, ఆందోళన, సంభాషణ, దైనందిన జీవనం మెరుగుపడటానికి నైతిక కమిటీ ఆమోదంతో, వీలైనంతవరకు తెలుగు, కన్నడ భాషా కుటుంబాలలో జరిగే పరిశోధనకు, బెంగళూరులోని మానసిక, నాడీ ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వారికి అందజేయాలి, దాన్ని అయిదేళ్ళలో ఖర్చు చేయాలి. నా మేనల్లుడి తదనంతరం ట్రస్టులో మిగిలినది కూడా ఇదే పరిశోధనకు చెందాలి."

నేను దానమిచ్చినట్టు ఎక్కడా నా పేరు పెట్టనక్కర లేదు. ఇంకొక సందేహం ఉంది. నా మరణానంతరం మెదడును కూడా పరిశోధనకు ఇవ్వాలని ఇందులోనే రాయవచ్చా?

పిపెట్టు

మెదడు సంగతి వీలునామాలో మాత్రమే రాస్తే లాభం లేదమ్మా. నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది, కానీ సేకరణ కొన్ని గంటలలోనే జరగాలి. వీలునామా తెరిచేది పదకొండో రోజు తరువాత. అది ఇంట్లోవారికి ముందే చెప్పి, ఫోన్ నంబరు గోడకు అంటించి ఉంచవలసిన విషయం.

బసవనగుడి ప్లీడరు

చక్కగా రాశారు, మూడు చోట్ల చేయి పెడతాను. మొదటిది, ఆ సంస్థ ఈ షరతులతో స్వీకరించడానికి ఇష్టపడకపోతే, లేదా అప్పటికి ఆ రూపంలో లేకపోతే, ఇదే ప్రయోజనానికి అతి దగ్గరగా ఉన్న పని చేసే మరొక సంస్థను కార్యనిర్వాహకులు ఎంచుకోవాలని ఒక వాక్యం. ఇది లేకపోతే పాతకాపు గారి పచ్చయప్ప కథ అవుతుంది. రాసే ముందే సంస్థ కార్యాలయానికి ఒక ఉత్తరం పెట్టి, వారు తమ పేరును ఎలా రాయమంటారో తెలుసుకోండి. రెండవది, మేనల్లుడు మీకంటే ముందే పోతే ఆ నాలుగు వంతులు ఎటు పోవాలో చెప్పలేదు. మూడవది, అయిదేళ్ళు, తెలుగు, కన్నడ అన్నవి షరతులుగా కాక కోరికగా ఉండాలి. షరతు బిగిస్తే ఇచ్చినది చెల్లదనే వాదనకు తావిస్తాం. వయసు దృష్ట్యా, సంతకం చేసిన రోజునే మీ డాక్టరు చేత మానసిక స్థితి గురించి ఒక ధ్రువపత్రం రాయించి జతపరచండి. నేను ముసాయిదా దిద్దినవాడిని కనుక సాక్షిగా ఉండను, పిపెట్టు గారు కూడా రేపు ఏ సంస్థలో చేరతారో తెలియదు కనుక వద్దు.

విజయనగర్ టీచరమ్మ

మేనల్లుడి మాట మీరన్నాక రాయడానికి చేయి రాలేదు గాని రాశాను. అదంతా పరిశోధనకే. అన్నయ్యకు నిన్న చదివి వినిపించాను, సంరక్షకుడి దరఖాస్తు ఈ నెలలోనే పెడతానన్నాడు. ఒక సాక్షిగా మా స్కూలు సైన్సు టీచరు వస్తోంది. రెండవ సాక్షి కోసం చూస్తున్నాను.

నిశ్శబ్దం

నేను రావచ్చా? నాకు ఆటిజం ఉందని కాగితాల మీద ఉంది. అలాంటివాడి సాక్షి సంతకం చెల్లుతుందా?

బసవనగుడి ప్లీడరు

నిస్సందేహంగా చెల్లుతుంది. ఆవిడ సంతకం చేయడాన్ని మీరు చూడాలి, ఆవిడ ఎదుట మీరు సంతకం చేయాలి, రేపు ఎవరైనా అడిగితే చూసినది చూసినట్టు చెప్పాలి. ఇంతకుమించి చట్టం సాక్షిని ఏమీ అడగదు.

నిశ్శబ్దం

చూసినది చూసినట్టు చెప్పడం నాకు కష్టం కాదు. సబ్-రిజిస్ట్రారు కార్యాలయంలో రొద ఎక్కువ ఉంటుంది కాబట్టి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను, వాళ్ళు అభ్యంతరం చెబితే మీరు చూసుకోండి.

విజయనగర్ టీచరమ్మ

నేను చూసుకుంటాను నాయనా. బుధవారం ఉదయం పది గంటలకు, మొదటి టోకెను మనదే అయ్యేలా తొమ్మిదింటికే వెళ్ళి కూర్చుంటాను. ఆధార్ కార్డు మరిచిపోకు.